చదువు సరుకయ్యాక... మంచీ చెడూ చెప్పేదెవరు?

సాయంత్రం ఏడు గంటలు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పిల్లాడు లెక్కల పుస్తకం ముందేసుకుని పెన్సిలు చివర కొరుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. "మేడమ్, మీ బాబు ఏ క్లాసు? లెక్కల్లో ఎలా ఉన్నాడు? ఒక్కసారి ఇంటికొచ్చి ఫ్రీగా డెమో చూపిస్తాం. నచ్చితేనే తీసుకోండి..." అంటూ అవతల తియ్యటి గొంతు. మీలో చాలామందికి ఇది అనుభవమే కదూ?

మా వీధిలో ఒకావిడకి ఇలాగే జరిగింది. అదేమీ పెద్ద కంపెనీ కాదు, పేరు చెప్పినా మీరు విని ఉండరు. డెమోకి వచ్చిన కుర్రాడు రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. బాబు వెనకబడ్డాడన్నాడు. ఇప్పుడు పట్టించుకోకపోతే చెయ్యి దాటిపోతుందన్నాడు. ఆ మాట వింటే ఏ తల్లి మనసు నిలుస్తుంది చెప్పండి? సంతకం పెట్టేసింది. అది ఫీజు రసీదు కాదు, అప్పు కాగితమని తెలిసేసరికి మూడో నెల వచ్చింది. అప్పటికే బ్యాంకు ఖాతాలోంచి వాయిదాలు వాటంతటవే పోతున్నాయి. పిల్లాడేమో రెండో వారానికే ఆ పాఠాలు చూడటం మానేశాడు. "కిలో కందిపప్పు కొనాలన్నా గుప్పెడు అరచేతిలో పోసుకుని చూస్తానే! దీన్ని మాత్రం ఎవర్నీ అడక్కుండా ఎలా కొన్నానమ్మా?" అని ఆవిడ బాధ.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజమే, బెండకాయ ముదురో లేతో తుంచి చూస్తే తెలుస్తుంది. చీర రంగు పోతుందో లేదో ఒక ఉతుక్కి తెలుస్తుంది. మరి ఫోనులో, ట్యాబ్‌లో వచ్చే చదువు మంచిదో కాదో ఎవర్నడగాలి? అమ్మేవాణ్ణడిగితే తన సరుకు బంగారమే అంటాడు. స్కూలువాళ్ళనడుగుదామంటే ఒక్కోసారి వాళ్ళే అమ్ముతుంటారు.

ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే అమెరికాలో టీచర్లకీ వచ్చింది. దానికి జవాబుగా అక్కడ ఒక పాత్రికేయురాలు 2011లో ఓ వార్తాసంస్థ మొదలుపెట్టింది. దాని పేరు ఎడ్‌సర్జ్. చదువుకి సంబంధించిన కంప్యూటర్ సరుకుల గురించి రాయడమే దాని పని. "ఎక్కడో అమెరికాలో సంగతి మనకెందుకండీ?" అనకండి. ఆ సంస్థ పుట్టి పెరిగిన తీరు, అది పడ్డ ఇబ్బందులు చూస్తే మనింటి గుమ్మంలో నిలబడ్డ సేల్స్ కుర్రాణ్ణి ఏమడగాలో తెలిసిపోతుంది.

కొత్త వస్తువు, పాత ఆశ

యంత్రాలతో చదువు చెప్పాలనే ఆశ ఇవాళ్టిది కాదు. బల్బు కనిపెట్టిన పేరున్న ఎడిసన్ మహాశయుడు 1913లోనే, ఇక స్కూళ్ళలో పుస్తకాలు పనికిరాకుండా పోతాయి, అన్నీ సినిమా బొమ్మల్లోనే నేర్పేస్తారు అని జోస్యం చెప్పాడు. వందేళ్ళు దాటినా మన పిల్లల సంచీల బరువు తగ్గలేదు, చూస్తున్నాంగా!

మన దేశంలోనూ ఓ పెద్ద ప్రయత్నం జరిగింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా వాళ్ళ ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు అందించారు. దాన్ని సైట్ ప్రయోగం అన్నారు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఒకటి. కరెంటు బుగ్గే సరిగ్గా లేని ఊళ్ళలో బడి ముందు టీవీ పెడితే ఊరంతా వచ్చి కూర్చుంది. అయితే ఆ రోజుల్లో దాన్ని మనకి అమ్మినవాళ్ళు లేరు. ప్రభుత్వం పెట్టింది, జనం చూశారు. అంతే.

అమ్మకం సంగతి తరవాత వచ్చింది. 2004లో సల్మాన్ ఖాన్ అనే ఉద్యోగి (మన సినిమా హీరో కాదండోయ్!) దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి ఫోనులో, కంప్యూటర్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 2008లో ఖాన్ అకాడమీ అనే లాభాపేక్ష లేని సంస్థ అయింది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. పలకంత ఉండే ఆ వస్తువు చూడగానే వ్యాపారులకి ఆశ పుట్టింది. ప్రతి పిల్లాడి చేతిలో ఒకటి పెడితే ఎంత వ్యాపారమో చూడండి! పెట్టుబడి పెట్టేవాళ్ళు ముందుకొచ్చారు, పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి. టీచర్లకి ఏది మంచిదో, ఏది తాలో తెలియకుండా పోయింది.

ఒక విలేఖరి ఆలోచన

అలాంటి సమయంలో వచ్చింది బెట్సీ కోర్కొరన్. ఆవిడ కొత్తగా కలం పట్టిన మనిషి కాదు. సైంటిఫిక్ అమెరికన్, వాషింగ్టన్ పోస్ట్, ఫోర్బ్స్ లాంటి పేరున్న పత్రికల్లో టెక్నాలజీ గురించి ఏళ్ళ తరబడి రాసింది. కంప్యూటర్ల కంపెనీలు పుట్టే కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బర్లింగేమ్ అనే ఊళ్ళో, మరికొందరితో కలిసి ఎడ్‌సర్జ్ మొదలుపెట్టింది.

మొదట్లో అది ఎంత చిన్నదంటే, వారానికోసారి పంపే ఒక ఉత్తరం. ఏ కంపెనీ కొత్తగా ఏం తయారుచేసింది, ఎవరు ఎంత పెట్టుబడి తెచ్చుకున్నారు, క్లాసురూములో అది ఎలా పనిచేస్తోంది అనే కబుర్లన్నీ అందులో ఉండేవి. అటు తయారుచేసేవాళ్ళూ చదివారు, ఇటు టీచర్లూ చదివారు. అంతవరకూ ఈ రెండు వర్గాలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నది తక్కువ. కుక్కరు తయారుచేసేవాడికి వంట రాదు, వంట చేసేదానికి కుక్కరు లోపల ఏముందో తెలీదు అన్నట్టుగా ఉండేది వ్యవహారం.

అందుకని ఎడ్‌సర్జ్ వాళ్ళు రాతతో ఆగలేదు. టీచర్లనీ కంపెనీలనీ ఒకే హాల్లో కూర్చోబెట్టే సదస్సులు పెట్టారు. మన ఊళ్ళో ఎగ్జిబిషన్‌కి వెళితే మిక్సీలో పచ్చడి రుబ్బి చూపిస్తారే, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ రుబ్బి చూసేది కొనేవాళ్ళు! టీచర్లు ఒక్కో బల్ల దగ్గరికెళ్ళి, ఆ సాఫ్ట్‌వేర్ వాడి చూసి, "ఇది మా పిల్లలకి అర్థం కాదు, ఇక్కడ ఇలా మార్చండి" అని రాసిచ్చేవారు. వస్తువుల జాబితా ఒకటి తయారుచేసి, వాడినవాళ్ళ అభిప్రాయాలు కూడా అందులో చేర్చారు.

వాడినవాళ్ళ మాట. ఈ మొత్తం కథలో మనం ముందుగా కొంగున ముడేసుకోవలసినది అదే.

రెండు పెద్ద దెబ్బలు

ఎడ్‌సర్జ్ పుట్టిన రెండేళ్ళకే ఈ వ్యాపారానికి రెండు గట్టి దెబ్బలు తగిలాయి. పెద్ద పత్రికలతో పాటు ఇలాంటి పత్రికలకీ చేతినిండా పని దొరికింది.

మొదటిది లాస్ ఏంజిలిస్‌లో. 2013లో అక్కడి స్కూళ్ళ అధికారులు 6 లక్షల మందికి పైగా ఉన్న తమ పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వాలని నిర్ణయించారు. మొత్తం పథకం వంద కోట్ల డాలర్లు దాటుతుందని లెక్క. ఐప్యాడ్‌లు పంచీ పంచగానే ఏమైంది? పాఠాలు తప్ప మరేవీ రాకుండా పెట్టిన తాళాన్ని వందల మంది పిల్లలు కొద్దిరోజుల్లోనే తీసేశారు! పెద్దలు నెలల తరబడి ఆలోచించి వేసిన తాళం అది. అంతకన్నా ఘోరం, అందులో ఉండవలసిన పాఠాలే అప్పటికి పూర్తిగా తయారు కాలేదు. పిండి రుబ్బకుండానే దోసెలకి పెనం పెట్టినట్టయింది. 2014 అక్టోబరులో అక్కడి స్కూళ్ళ పెద్ద అధికారి రాజీనామా చేశాడు. ఆ డిసెంబరులో ఒప్పందానికి స్వస్తి పలికారు.

రెండోది ఇన్‌బ్లూమ్. గేట్స్ ఫౌండేషన్, కార్నెగీ సంస్థ కలిసి ఇచ్చిన సుమారు 10 కోట్ల డాలర్లతో 2013లో బయటికొచ్చింది. వేర్వేరు చోట్ల ఉండే పిల్లల వివరాలన్నీ - మార్కులు, హాజరు, చదువులో ఇబ్బందులు - ఒకేచోట భద్రపరిస్తే ఎవరికి ఏ పాఠం కావాలో తేలిగ్గా తెలుస్తుందని వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తల్లిదండ్రులు ఊరుకోలేదు. "మా పిల్లాడి వివరాలు మమ్మల్ని అడక్కుండా ఎవరికిస్తున్నారు? రేపు అవి ఎవరి చేతుల్లో పడతాయి?" అని నిలదీశారు. సభలకి వెళ్ళారు, ఉత్తరాలు రాశారు, కోర్టు మెట్లెక్కారు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గాయి. న్యూయార్క్ రాష్ట్రం చట్టమే చేసింది. 2014 ఏప్రిల్‌లో ఇన్‌బ్లూమ్ దుకాణం మూసేస్తున్నామని ప్రకటించింది.

చూశారా? కోట్ల డాలర్లున్న సంస్థని ఆపింది మరో పెద్ద కంపెనీ కాదు. ఒక్క ప్రశ్న పట్టుకుని వదలని మామూలు అమ్మలూ నాన్నలే.

పేరయ్యకి కమీషను ఎవరిస్తారు?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొద్దాం. నిజం రాయాలంటే విలేఖరులకి జీతాలివ్వాలి. ఎడ్‌సర్జ్ చదవడానికి టీచర్లు డబ్బు కట్టక్కర్లేదు. మరి సంస్థ ఎలా నడవాలి?

పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. దాతృత్వ సంస్థల నుంచి గ్రాంట్లు తీసుకున్నారు. అందులో గేట్స్ ఫౌండేషన్ కూడా ఉంది - ఇందాక ఇన్‌బ్లూమ్‌కి డబ్బిచ్చిందని చెప్పుకున్నామే, అదే. ప్రకటనలు వేసుకున్నారు, సదస్సులకి కంపెనీల దగ్గర సాయం తీసుకున్నారు. 2015 ప్రాంతంలో ఇంకో సేవ కూడా నడిపారు. ఒక స్కూలు తనకేం కావాలో చెబితే, దానికి తగిన కంపెనీలు ఏవో వీళ్ళు వెతికి పెట్టేవారు. స్కూలుకి ఖర్చు లేదు. ఫీజు ఇచ్చేది కంపెనీలు.

మనకిది కొత్తేం కాదు. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య పనే! పేరయ్య మంచివాడే కావచ్చు. మంచి సంబంధమే తేవచ్చు. కానీ అతనికి కమీషను మగపెళ్ళివారిస్తున్నారని తెలిస్తే, అబ్బాయి గురించి అతను చెప్పే మాటని మనం కాస్త వేరేగా వింటామా, వినమా? ఎడ్‌సర్జ్ మీద కూడా ఈ సందేహం వచ్చింది. ఎవరి సరుకు గురించి రాస్తున్నారో వాళ్ళ డబ్బే తీసుకుంటే కలం వంగదా అని.

దానికి వాళ్ళు చేసిన ఉపాయం ఒకటుంది. అది మనకి బాగా పనికొస్తుంది. తమకి డబ్బిచ్చిన సంస్థ గురించి రాసినప్పుడు, "ఈ సంస్థ నుంచి మాకు సాయం అందుతోంది" అని ఆ వ్యాసంలోనే చెప్పేవారు. వార్తలు రాసేవాళ్ళు వేరు, డబ్బు తెచ్చేవాళ్ళు వేరు అనే నియమం పెట్టుకున్నారు. దీంతో సందేహం పూర్తిగా పోతుందని నేననను. కానీ దాచిపెట్టడం కన్నా చెప్పెయ్యడం మేలు. విన్నవాళ్ళు తమ తూకం తాము వేసుకుంటారు.

అయినా డబ్బు చిక్కు తీరలేదు. చివరికి 2019 నవంబరులో, ఐ.ఎస్.టి.ఇ. అనే లాభాపేక్ష లేని సంఘం ఎడ్‌సర్జ్‌ని తనలో కలుపుకుంటున్నట్టు ప్రకటించింది. చదువులో టెక్నాలజీ వాడే టీచర్ల కోసం 1979లో పుట్టిన సంఘం అది. 2023లో ఆ సంఘం ఎ.ఎస్.సి.డి. అనే మరో పాత విద్యా సంఘంతో కలిసిపోయింది. లాభం కోసం మొదలైన పత్రిక అలా టీచర్ల సంఘం గూటికి చేరింది. అసలు చదువు గురించి నిజం చెప్పే పని లాభం కోసం చేసేదేనా అని ఈ కథ చదివాక నాకనిపించింది. మీకూ అనిపిస్తోందా?

మన గుమ్మంలోకి వచ్చేసరికి

ఎడ్‌సర్జ్ పుట్టిన 2011లోనే మన బెంగుళూరులో ఒక కంపెనీ పుట్టింది. అదే బైజూస్. 2015లో యాప్ తెచ్చింది. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడగానే దేశమంతా దాని పేరు మోగిపోయింది. 2022 నాటికి పెట్టుబడిదారులు ఆ కంపెనీకి కట్టిన విలువ 2,200 కోట్ల డాలర్లు. ఆ ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకీ వాళ్ళ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఆ కంపెనీ పాఠాలతో పంచింది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకోపక్క 2021లో బి.బి.సి. లాంటి వార్తాసంస్థలు తల్లిదండ్రులతో మాట్లాడి, ఒత్తిడి పెట్టి అమ్ముతున్నారనీ డబ్బు వాపసు రావడం కష్టంగా ఉందనీ వాళ్ళు చెప్పిన ఫిర్యాదులు రాశాయి. కంపెనీ ఆ ఆరోపణలు ఒప్పుకోలేదు. తరవాత రెండేళ్ళలో దాని లెక్కల మీద, అప్పుల మీద గొడవలు ముదిరాయి. 2024 జూలైలో బెంగుళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దాని మీద దివాలా విచారణ మొదలుపెట్టమని ఆదేశించింది. ఆకాశమంత విలువ రెండేళ్ళలో ఏమైందో చూశారుగా!

కంపెనీలు వస్తాయి, పోతాయి. వాటి పాఠాల్లో మంచివీ ఉంటాయి, వాటితో బాగుపడ్డ పిల్లలూ ఉంటారు. కాదనను. కానీ కట్టిన డబ్బు మనది, పోయిన సాయంత్రాలు మన పిల్లాడివి. ఆ రెండూ తిరిగి రావు.

ఈ సంగతి గమనించే కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక విడుదల చేసింది. ప్రకటనల్ని గుడ్డిగా నమ్మవద్దనీ, ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఆటో డెబిట్ పద్ధతి ఒప్పుకోవద్దనీ, తెలియకుండా అప్పు కాగితాల మీద సంతకం పెట్టవద్దనీ అందులో చెప్పింది. మా వీధి ఆవిడకి ఆ కాగితం ముందే ఎవరైనా చదివి వినిపించి ఉంటే ఎంత బాగుండేది!

సంతకానికి ముందు ఈ ఏడు అడగండి

1. ఇది మంచిదని మీకు చెబుతున్న మనిషికి దాని మీద కమీషను ఉందా? ఉంటే తప్పులేదు, కానీ ముందు అది తెలుసుకోండి.

2. కనీసం ఆరునెలలు వాడిన ఇంటివాళ్ళు ఎవరున్నారు? వాళ్ళు ఇచ్చిన ఇద్దరి పేర్లతో ఆగకండి. మీకై మీరు ఒకర్ని వెతికి అడగండి.

3. ఇది ఫీజా, అప్పా? కాగితం మీద ఏదైనా బ్యాంకు పేరో, రుణసంస్థ పేరో కనిపిస్తే అక్కడ ఆగిపోండి.

4. నచ్చకపోతే డబ్బు వాపసు ఎన్ని రోజుల్లో ఇస్తారు? నోటిమాట వద్దు, రాసివ్వమనండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

5. మా పిల్లాడి పేరు, ఫోటో, మార్కులు ఎవరెవరికి వెళతాయి? ఇన్‌బ్లూమ్‌ని ఆపిన ప్రశ్న ఇదే.

6. ఇవే పాఠాలు ఖర్చు లేకుండా దొరుకుతాయా? కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలు ఉచితం. ఖాన్ అకాడమీ పాఠాలూ ఉచితమే. ముందు వాటితో ఒక నెల కూర్చోబెట్టి చూడండి.

7. చివరగా, పిల్లాణ్ణి అడగండి. "ఇందులో నీకేం అర్థమైంది, నాకు చెప్పు" అనండి. చెప్పగలిగితే అది చదువు. చెప్పలేకపోతే అది ఉత్త బొమ్మలాట.

ఏదైనా మోసం జరిగిందనిపిస్తే పరువుకి భయపడి ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మనమూ విలేఖరులమే

బెట్సీ కోర్కొరన్ అంత అనుభవం మనకి లేకపోవచ్చు. వార్తాసంస్థ నడిపే స్తోమత అంతకన్నా లేదు. కానీ ఆవిడ మొదలుపెట్టింది వారానికో ఉత్తరంతోనే కదా? వాడినవాళ్ళ మాట వాడబోయేవాళ్ళకి చేరవెయ్యడమే కదా ఆవిడ చేసిన పని? ఆ పని మనం చెయ్యలేమా? ఏ కొట్లో చింతపండు బావుందో, ఏ గ్యాసు స్టవ్ నాలుగునెలలకే మొరాయించిందో సాయంత్రం మెట్ల మీద కూర్చుని చెప్పుకుంటూనే ఉంటాం. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు మూసుకుంటాం. "మావాడు వెనకబడ్డాడని అనుకుంటారేమో, నేను మోసపోయానని నవ్వుతారేమో" అని. అమ్మేవాడికి కావలసింది కూడా సరిగ్గా ఆ మౌనమే.

మా వీధి ఆవిడ చాలారోజులు ఎవరికీ చెప్పలేదు. ఓ శుక్రవారం గుడి దగ్గర మా నలుగురికీ చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ మర్నాడే ఎదురింటావిడ అదే కంపెనీ డెమోకి తలుపు తియ్యకుండా పంపేసింది. ఆవిడకి తన డబ్బు తిరిగి రాలేదు గానీ, ఇంకో ఇంటి డబ్బు నిలబడింది. బాబు ఇప్పుడు పక్కవీధిలో ఉన్న రిటైర్డు మాస్టారి దగ్గరికి వెళుతున్నాడు. లెక్కలు ఇంకా అంతంత మాత్రమే, కానీ పెన్సిలు కొరకడం తగ్గింది!

ఈసారి సాయంత్రం ఏడింటికి ఫోను మోగితే కంగారుపడకండి. పప్పు కిందికి దించి, పొయ్యి కట్టేసి, ఆ ఏడు ప్రశ్నలూ తీరిగ్గా అడగండి. జవాబులేమొచ్చాయో పక్కింటావిడకి తప్పకుండా చెప్పండి. ఏమంటారు?